మా ఇంట్లో గూర్ఖా కత్తి

దసరాకి ఇల్లు దులపడం మొదలుపెడితే మా ఇంట్లో ఏదో ఒక పాత గొడవ బయటపడకుండా ఉండదు. ఒక ఏడాది మా ఆడపడుచు పెళ్లినాటి ఇత్తడి బిందె దొరికి, అది ఎవరికి చెందాలని రెండు నెలలు మాటల్లేవు. ఈ ఏడాది అటక మీంచి కత్తి దిగింది.

మామూలు కత్తి కాదు. మధ్యలో వంగి, ముందు వైపు వెడల్పై, చూడగానే ఎవరికైనా తెలిసిపోయే నేపాలీ కుక్రీ. తోలు తొడిగిన చెక్క ఒర, గేదె కొమ్ముతో చేసిన పిడి. అత్తయ్య పాత నేత చీర ముక్కలో చుట్టి ఉంది. ఏటా దసరా ముందు ఆవిడే దించి, కొబ్బరినూనె రాసి, మళ్లీ చుట్టి పెట్టేవారు. మోకాళ్ల ఆపరేషనయ్యాక మూడేళ్లుగా ఆ పని ఎవరూ చేయలేదు. విప్పి చూస్తే మొన దగ్గర తుప్పు చుక్కలు.

మావాడు బీటెక్ మూడో సంవత్సరం. సెలవులకి వచ్చాడు. చిన్నప్పుడు వాణ్ణి దాని దగ్గరికి రానిచ్చేవాళ్లం కాదు. ఇప్పుడు నాకంటే జానెడు పొడుగు, నా మాటకి ఆగుతాడా! సర్రున ఒరలోంచి లాగి, "అమ్మా, ఒక ఫోటో తియ్యవే. స్టేటస్ పెడతా. హాస్టల్‌కి తీసుకెళ్లి గోడకి తగిలించుకుంటా" అన్నాడు.

నాకు గుండె జల్లుమంది. కత్తితో కేకు కోసి, ఆ వీడియో పెట్టి, తెల్లారేసరికి పోలీస్ స్టేషన్లో కూర్చున్న కుర్రాళ్ల వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం కదా. మావారు నిచ్చెన దిగుతూ, "ఆ గొడవంతా ఎందుకు? చీకటి పడ్డాక తీసుకెళ్లి కాలవలో పడేసి వస్తా" అన్నారు. ఆయన పద్ధతే అంత. అర్థం కానిదల్లా కాలవలోకే.

మంచం మీంచి అత్తయ్య గొంతు వినబడింది. "పారెయ్యడానికి అది మనదేంట్రా? తాకట్టు."

అందరం నోరు మూసుకున్నాం.

నేను పామర్రు కోడలిగా వచ్చింది 2002లో. మా పుట్టిల్లు అవనిగడ్డ వైపు పల్లెటూరు. అక్కడ రాత్రి తొమ్మిదింటికి కప్పల అరుపులే. ఇక్కడ నాలుగు రోడ్ల సెంటరు. బందరు వెళ్లేవి, బెజవాడ వెళ్లేవి, గుడివాడ వెళ్లేవి, తెల్లవార్లూ బస్సుల మోతే. ఆ మోత సద్దుమణిగాక రెండింటికో మూడింటికో కర్రతో రోడ్డు మీద టక్ టక్ మని కొడుతూ, విజిల్ వేసుకుంటూ ఒక మనిషి వెళ్లేవాడు. కొత్తలో ఆ చప్పుడుకి ఉలిక్కిపడి లేచేదాన్ని. నెల తిరిగేసరికి ఆ చప్పుడు వినిపిస్తేనే నిద్రపట్టేది.

ఒకటో తారీకు పొద్దున్నే గుమ్మంలో "అమ్మా, గూర్ఖా!" అనే పిలుపు. పది రూపాయలు. తర్వాత్తర్వాత ఇరవై, ముప్పై. చేతిలో చిన్న నోటుబుక్కు, అందులో ఇంటికో టిక్కు. మీ ఊళ్లోనూ ఉండే ఉంటాడు. మన సినిమాల్లో గూర్ఖా అంటే "సాబ్" అంటూ నవ్వించే వేషం. నిజం చెప్పాలంటే మేమూ ఆయన్ని అంతకంటే ఎక్కువగా చూసింది లేదు. మనకీ నేపాల్‌కీ మధ్య 1950లో కుదిరిన ఒప్పందం వల్ల వాళ్లు ఇక్కడికొచ్చి పని చేసుకోవడానికి వీసాలు అక్కర్లేదట. అలా వచ్చినవాళ్లలో ఒకాయన మా బజారుకి కాపలా కాశాడు.

ఆ కుక్రీని నేను మొదటిసారి దగ్గరగా చూసింది ఒక భోగి ముందు రోజు. మంటకి దుంగలు చీలుస్తుంటే మా గొడ్డలి కామ విరిగింది. మిల్లు వెనక తన గదిలోంచి ఆయన ఈ కత్తి పట్టుకొచ్చాడు. మోచేయంత కూడా లేని కత్తి దుంగల్నేం చీలుస్తుందిలే అనుకున్నా. పెద్దగా బలం పెట్టినట్టు కూడా కనబడలేదు. చెయ్యెత్తి వదిలితే చాలు, బరువంతా ముందు వైపే ఉండేసరికి దాని పని అదే చేసుకుపోయింది. గొడ్డలీ కత్తీ కలిసి పుట్టినట్టు ఉంది.

అప్పుడు మావాడికి ఏడెనిమిదేళ్లు. దూరంగా నిలబడి, "గూర్ఖా మామా, అది బయటికి తీస్తే రక్తం చూడాల్సిందేనటగా?" అని అడిగాడు. బళ్లో ఎవరో చెప్పారట. ఆయన పగలబడి నవ్వాడు. "అలా అయితే మా అమ్మకి రోజూ వేలు తెగాలి. గుమ్మడికాయ దీంతోనే కోస్తది, మేకకి ఆకు దీంతోనే కొడతది. ఇంటి కత్తి బాబూ ఇది, వంట కత్తి" అన్నాడు. అక్కడ ఇంటింటా ఉంటుందట. కట్టెలు కొట్టడం, మాంసం నరకడం, వెదురు చీల్చడం, దారికి అడ్డమొచ్చిన పొద కొట్టడం, అన్నిటికీ ఇదొక్కటే. మన కత్తిపీట, మచ్చుకత్తి, గొడ్డలి చేసే పనులన్నీ కలిపి ఒక్క పనిముట్టు చేస్తుందన్నమాట.

ఒర వెనక రెండు చిన్న కత్తులు దూర్చి ఉన్నాయి. ఒకటి పదునైంది, దాన్ని కర్ద అంటారట. కూరలు తరగడానికీ, తోలు ఒలవడానికీ. రెండోది మొద్దుది, చక్‌మక్. దాంతో పెద్ద కత్తికి పదును పెడతారు, చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు పుట్టిస్తారు. పిడి దగ్గర పదును వైపు చిన్న గంటు ఉంటుంది. ఎందుకని అడిగితే ఆవు గిట్ట గుర్తు అన్నాడు. శివుడి త్రిశూలం అనేవాళ్లూ ఉన్నారట.

ఇంకోసారి సాన పట్టించడానికి మా ఊరి కమ్మరి కొలిమికి తీసుకెళ్తే, కమ్మరి చేత్తో తూచి చూసి, "ఇది మన లారీ కమాన్ పట్టీయేనయ్యా" అన్నాడట. నిజమే. నేపాల్లోనూ పాత లారీల కమాన్ పట్టీలు కాల్చి సాగగొట్టే వీటిని చేస్తారు. ఎర్రగా కాలిన కత్తిని నీళ్లలో ముంచెయ్యరు. కెటిల్‌తో అంచు వెంబడే సన్నగా నీళ్లు పోస్తారు. అందుకని అంచు గట్టిపడుతుంది, వెనక వైపు కాస్త మెత్తగా ఉండి దెబ్బకి విరక్కుండా ఆగుతుంది. చేసేవాళ్లు అక్కడా విశ్వకర్మ పేరు చెప్పుకునేవాళ్లే.

ఇక తాకట్టు సంగతి. 2014 దసరాకి వారం ముందు ఆయన మా మావయ్యగారి ఎరువుల కొట్టుకి వచ్చాడు. ఇంటి దగ్గర భార్యకి ఆపరేషనట, 8,000 కావాలి. మావయ్యగారు ఇంకేం అడక్కుండా లెక్కపెట్టి ఇచ్చారు. ఆయన ఈ కత్తి తీసి బల్ల మీద పెట్టాడు. మావయ్యగారు వద్దన్నారు. "పండక్కి వెళ్తూ ఇది ఇక్కడ పెట్టి వెళ్తావేంటయ్యా?" అన్నారు. దసరా వాళ్లకీ పెద్ద పండగే. దశైఁ అంటారు, పదిహేను రోజులు చేస్తారు. పెద్దవాళ్లు అక్షింతలు పెరుగులో, కుంకంలో కలిపి నుదుటికి అద్ది దీవిస్తారు. నవమికి పనిముట్లకి పూజ. అలాంటి పండక్కి కత్తి లేకుండా వెళ్లడం ఆయనకి ఎంత చిన్నతనమో నాకు ఇప్పుడు తెలుస్తోంది. అయినా ఆయన ఒప్పుకోలేదు. "ఇది ఇక్కడుంటే నేను తిరిగొస్తా సాబ్" అన్నాడట.

సంక్రాంతికి ఒకసారి ఫోను చేశాడు. ఉగాది వెళ్లాక వస్తానన్నాడు. ఏప్రిల్ 25, శనివారం నేపాల్లో భూకంపం. 7.8 తీవ్రత. దాదాపు 9,000 మంది పోయారు. టీవీలో పదేపదే చెబుతున్నారు, "భూకంప కేంద్రం గోర్ఖా జిల్లా" అని. గోర్ఖా అన్న మాట చెవిన పడగానే నేనూ అత్తయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మావయ్యగారు ఆయన నంబరుకి చేస్తే కలవలేదు. మర్నాడూ కలవలేదు. ఆ తర్వాత ఎప్పుడూ కలవలేదు.

పన్నెండేళ్లు మా గుమ్మంలోకి వచ్చిన మనిషి. ఏ ఊరో తెలీదు. పేరు తెలీదు. ఎవరిని అడగాలన్నా "మా గూర్ఖా ఎలా ఉన్నాడు?" అని అడగాలి. ఆ దేశంలో ఆ ప్రశ్నకి ఎవరు మాత్రం జవాబు చెబుతారు?

2019లో మావయ్యగారు పోయాక పద్దు పుస్తకాలు తిరగేశాం. ఒక పేజీలో ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో ఒకే వరస: గూర్ఖా, 8,000, కత్తి. అందరి పేర్లకీ ఇంటిపేరూ ఊరూ రాసుకునే మనిషి ఆ ఒక్కచోటే అలా రాశారు. పోయాడులే అనుకున్నాం. కత్తి అటక మీదికి వెళ్లింది.

మళ్లీ ఈ దసరాకి వస్తాను. మావాడి ఫోటో గోల ఆపాలంటే ముందు చట్టం ఏమంటుందో తెలుసుకోవాలనిపించింది. బందరు కోర్టులో ప్రాక్టీసు చేసే మా పెదనాన్నగారబ్బాయికి ఫోను చేశా. "చెల్లెమ్మా, ముందు టేపు తెచ్చి కొలువు" అన్నాడు అన్నయ్య. జాకెట్లు కొలిచే టేపుతో కొలిచా. అలుగు పదిన్నర అంగుళాలు, వెడల్పు 2 అంగుళాలు దాటి ఒక గీత.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. మనకి 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది, దాని కింద 2016లో వచ్చిన నిబంధనలు ఉన్నాయి. అలుగు 9 అంగుళాల కంటే పొడుగు గానీ, 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉంటే ఆ కత్తి ఆయుధాల జాబితాలోకి వస్తుంది. కిర్పాన్‌లూ కుక్రీలూ పేరు పెట్టి మరీ అందులో రాశారు. అయితే ఇంటి పనికీ, పొలం పనికీ తయారైన వాటికి మినహాయింపు. కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చిన ప్రాంతాల్లో ఇలాంటి కత్తులకి కూడా లైసెన్సు కావాలి. లేకపోతే జైలు దాకా వెళ్తుంది. ఎన్నికలప్పుడో గొడవలప్పుడో నిషేధాజ్ఞలు పెడితే (మనం 144 అంటాం, ఇప్పుడు కొత్త చట్టంలో 163) ఇలాంటివి పట్టుకుని రోడ్డెక్కకూడదు. విమానంలో చేతిసంచిలో అసలే కుదరదు.

"ఇంట్లో కొబ్బరికాయ కొట్టుకుంటే పనిముట్టు. హాస్టలు బ్యాగులో పెట్టుకుని బస్సెక్కితే, 'ఎందుకురా ఇది?' అని కానిస్టేబుల్ అడిగినప్పుడు మీవాడు ఏం చెబుతాడు? ఫోటో కోసమని చెబుతాడా? ఇంట్లోనే ఉంచు" అన్నాడు అన్నయ్య. ఇంకో మాట కూడా చెప్పాడు. ఇంటికీ పొలానికీ మాత్రమే పనికొచ్చేవి ఆయుధాలు కావని చెబుతూ చట్టం లాఠీనీ, మామూలు చేతికర్రనీ ఉదాహరణగా రాసిందట. నాకు నవ్వొచ్చింది. మా బజారుని పన్నెండేళ్లు కాపాడింది ఆ చేతికర్రే. చట్టం దాన్ని వదిలేసి, వాళ్లమ్మ గుమ్మడికాయ కోసే కత్తిని పట్టుకుంది.

పెట్టేసేముందు అడిగా. "అన్నయ్యా, అది తాకట్టు వస్తువు. పదకొండేళ్లయింది. ఇప్పుడది ఎవరిది?"

"ఆయనదే" అన్నాడు, ఆలోచించకుండా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం తాకట్టు పెట్టుకున్నవాడు ఆ వస్తువుకి సొంతదారు కాడు. బాకీ తీరేదాకా అట్టేపెట్టుకోవచ్చు. అమ్మాలంటే ముందు అవతలివాళ్లకి తెలియపరచాలి. అమ్మనంతవరకు, గడువు దాటిపోయినా సరే, ఆయన వచ్చి బాకీ కట్టి తీసుకెళ్లచ్చు. చదువురాని మా అత్తయ్య మంచం మీంచి ఒక్క ముక్కలో చెప్పింది కూడా అదే కదా!

ఆ రాత్రి ఆవిడ కాళ్లకి మందు రాస్తూ అడిగా. "అత్తయ్యా, ఆయన పేరేమన్నా తెలుసా మీకు?"

తెలుసు! ఆయన పేరు, ఇంటిపేరు, కూతురు పేరు. అత్తయ్యకి ఆయాసం. రాత్రిళ్లు పడుకోలేక వరండాలో కూర్చునేవారు. మూడింటికి ఆయన అటుగా వస్తే ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చేవారట. ఆయన మెట్ల మీద కూర్చుని తాగేవాడట. మేమంతా నిద్రపోతుంటే ఇన్నేళ్లు ఇద్దరూ పిల్లల సంగతులు చెప్పుకున్నారు. "మరి ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నా. "మీరెవరన్నా అడిగారా?" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయన్ని అడక్కుండా రాయడం బాగోదు.

"ఊరేదో భోజ్‌పూర్ అనేవాడమ్మాయ్" అన్నారు. బీహార్లో కదా భోజ్‌పూర్, ఈవిడ పొరబడ్డారు అనుకున్నా. మావాడు అప్పటికే ఫోన్లో వెతుకుతున్నాడు. "అమ్మా, నేపాల్లో కూడా ఉంది. తూర్పు వైపు కొండల్లో. కుక్రీలకి పేరున్న ఊరట!" అన్నాడు. మావారికి అప్పుడు గుర్తొచ్చింది. "అవును, ప్రతిసారీ బెజవాడలో హౌరా బండే ఎక్కేవాడు. టిక్కెట్టు నేనే కొనిపెట్టా ఒకసారి" అన్నారు. గోర్ఖా జిల్లాకి వెళ్లేవాడైతే గోరఖ్‌పూర్ మీదుగా వెళ్లాలి గానీ, హౌరా మీదుగా ఎందుకు వెళ్తాడు?

మావాడు నిదానంగా చదివి వినిపించాడు. గోర్ఖా అనేది ఒకప్పటి చిన్న రాజ్యం. ఆ రాజ్యం పేరు మీదే సైనికులందరినీ గూర్ఖాలన్నారు. 1814 నుంచి 1816 దాకా తెల్లవాళ్లు వాళ్లతో యుద్ధం చేసి, వాళ్ల పోరాటం చూసి, 1815 నుంచే తమ సైన్యంలో చేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ సైనికులు నేపాల్ కొండల్లో ఎక్కడెక్కడి వాళ్లో. గూర్ఖా అన్నంత మాత్రాన గోర్ఖా జిల్లా వాడు కానక్కర్లేదు. భూకంపంలో బాగా దెబ్బతిన్నవని చెప్పిన 14 జిల్లాల్లో భోజ్‌పూర్ లేదు.

నేను బీఏ తెలుగు చదివాను. మాటకీ మనిషికీ తేడా తెలియాల్సిన చదువు. పదేళ్లపాటు ఒక్క మాట పట్టుకుని ఒక మనిషిని చంపేశాం. మనవాళ్లు కువైట్ వెళ్లినట్టు ఆయనా గల్ఫు వెళ్లి ఉండచ్చు. ఫోను పోయి ఉండచ్చు. బాకీ తీర్చలేక మొహం చాటేసి ఉండచ్చు. భోజ్‌పూర్లో మనవల్ని ఆడిస్తూ ఉండచ్చు.

మావాడు అక్కడివాళ్ల ఫేస్‌బుక్ గ్రూపు ఒకటి పట్టుకుని, కత్తి ఫోటోతో పెడతానన్నాడు. అత్తయ్య వద్దన్నారు. "ఆడపిల్ల తండ్రిరా. అప్పు సంగతి పదిమందిలో పెట్టకు" అన్నారు. కత్తి ఫోటో లేకుండా, 8,000 మాట లేకుండా, హిందీలో మూడు వాక్యాలు రాశాడు. పామర్రు నానమ్మ అడుగుతోంది, కూతురి పెళ్లయిందా, ఆరోగ్యం ఎలా ఉంది అని. ఇప్పటిదాకా జవాబు రాలేదు. మావాడు రోజూ చూస్తున్నాడు. స్టేటస్ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆయుధపూజ నాడు తుప్పు తుడిచి, నూనె రాసి, పీట మీద నా కత్తిపీట, మావారి స్కూటర్ తాళాలు, మావాడి లాప్‌టాప్ పక్కన దాన్నీ పెట్టాం. పసుపు బొట్టు అత్తయ్యే పెట్టారు.

తర్వాత చీర ముక్కలో చుట్టేటప్పుడు మావాడు ఒక కాగితం రాసి లోపల పెట్టాడు. పైన తెలుగులో, కింద హిందీలో. మా తర్వాత ఎవరు విప్పినా తెలియాలని. మావయ్యగారి పద్దులో ఖాళీగా ఉండిపోయిన చోట ఆయన పేరు, ఇంటిపేరు, భోజ్‌పూర్, నేపాల్ అని రాశాడు. కింద ఇలా ఉంది: "ఇది వీరిది. వస్తే ఇచ్చెయ్యాలి. డబ్బు అడగొద్దు. టీ ఇవ్వండి."

చివరి మాట అత్తయ్య రాయించింది.